నేర్పడానికి పాత మాట

చలికాలం చివరికి జెఫెరీనో వలలు తయారయ్యాయి. వదిన డెల్ఫీనా అల్లిన వలలు. దేవదారు బెరడు కషాయంలో ముంచి, ఇసుక మీద ఆరబెట్టి, ఇంటికి మోసుకొచ్చి పైతాడుకి బెండ్లు కట్టారు. ఇక మిగిలింది బెండ్ల మీద గుర్తు కోయడం. అదొక్కటీ అయితే జెఫెరీనో పడవలోకి కూలివాడుగా కాకుండా సొంత వలలున్న మనిషిగా ఎక్కుతాడు.

"అన్నా, ఏం కోయమంటావు?" అని అడిగాడు, చేతిలో కత్తి పట్టుకుని.

లియాంద్రో గడప మీద కూర్చుని బూట్లకి కొవ్వు రాస్తున్నాడు. తలెత్తలేదు.

"ఆరనీ."

"ఎప్పుడో ఆరాయి."

"ఇంకా ఆరనీ."

డెల్ఫీనా పొయ్యి దగ్గర్నుంచి తొంగి చూసింది. "ఆ బూటుకి రాసిన కొవ్వు చాలు. అదేం వేపుకు తినే చేప కాదు. వాడు అడిగినదానికి ఏదో ఒకటి చెప్పు."

"నీ పని నువ్వు చూసుకో."

"నా పనే. ఆ వల అల్లింది నేనే."

లోపలి గదిలో ముసలాయన సెరఫీం దగ్గాడు. అన్నదమ్ములిద్దరికీ తండ్రి. ఆయన మేలుకునే ఉన్నాడనీ, వింటున్నాడనీ ముగ్గురికీ అర్థమైంది. జెఫెరీనో కత్తి మడిచి జేబులో పెట్టుకుని బయటికి పోయాడు.

పోవా బెస్తవాడలో రాయడం వచ్చినవాళ్లు ఆ రోజుల్లో తక్కువ. రాయాల్సిన అవసరమూ పెద్దగా ఉండేది కాదు. ఇంటింటికీ ఒక గుర్తు ఉంది. బెండు మీదా, తెడ్డు మీదా, పడవ ముక్కు మీదా, ఉన్ని చొక్కా మీదా, చివరికి సమాధి రాయి మీదా అదే గుర్తు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాన్ని ఏ ఇంటికి మోసుకెళ్లాలో మొహం చూసి తేలేది కాదు, చొక్కా మీది గుర్తు చూసి తేలేది. సెరఫీం ఇంటి గుర్తు కోడికాలు. నిలువుగా ఒక గీత, దాని అడుగు నుంచి అటొకటి ఇటొకటి పైకి వాలు గీతలు, మొత్తం మూడు వేళ్లు. పెద్దకొడుకు ఆ గుర్తు పెట్టుకుని పక్కన ఒక చిన్న కోత కోసుకోవాలి. రెండోవాడు రెండు కోతలు. అలా వరసగా. ఆఖరివాడికి మాత్రం కోత ఉండదు. తండ్రి గుర్తు ఉన్నది ఉన్నట్టుగా వాడిది. దాంతోపాటు ఇల్లూ వాడిదే, పడవా వాడిదే, తండ్రి ముసలితనమూ వాడిదే.

లియాంద్రో మూడోవాడు. తల్లి చనిపోయేనాటికి ఆఖరివాడు కూడా. కాబట్టి ఒట్టి కోడికాలు ఆయనకి వచ్చింది. పెళ్లినాడు చర్చి వెనక గదిలోని పెద్ద బల్ల మీద, పెళ్లయిన ప్రతి బెస్తవాడూ కోసినట్టే, తన గుర్తు కోశాడు. ఎవరూ చెరపలేనంత లోతుగా కోశాడు. ఆ మరుసటి ఏడే సెరఫీం, ఆ వయసులో, ఒక విధవని పెళ్లి చేసుకున్నాడు. జెఫెరీనో పుట్టాడు. వాడి తల్లి ఎక్కువకాలం బతకలేదు. డెల్ఫీనాకి పిల్లలు లేరు, వాణ్ణి తనే పెంచింది. పసివాడికి వలలుండవు కనక గుర్తు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల అది ఎక్కడికీ పోలేదు. ఊరికే కూర్చుని ఉంది. ఇప్పుడు వలలతోపాటు లేచి నిలబడింది. ఆఖరివాడు జెఫెరీనో అయ్యాడు కాబట్టి లియాంద్రో తన గుర్తు పక్కన కోతలు కోసుకోవాలి.

మూడు కోతలు. అంతే కదా అనుకోవచ్చు. లియాంద్రో అలా అనుకోలేకపోయాడు. పెద్దన్నకి ఒక కోత ఉండేది. ఆయన తెడ్డు ఒడ్డుకొచ్చింది, ఆయన రాలేదు. రెండో అన్నకి రెండు కోతలు. ఆయన బ్రెజిల్ పోయి అక్కడే కలిసిపోయాడు. లియాంద్రో మనసులో కోతలున్నవాళ్లంటే పోయినవాళ్లు, కోత లేనివాడంటే ఉన్నవాడు. తల నెరిశాక, తను కదలకుండా కూర్చున్నచోట కూర్చునే, ఉన్నవాళ్లలోంచి పోయినవాళ్లలోకి జరగాలి. అది మింగుడుపడలేదు.

మర్నాడు చర్చికి వెళ్లాడు. ఒక బుట్టలో నాలుగు మంచి చేపలు పట్టుకెళ్లాడు, ఊరికే వచ్చినట్టు కనపడకుండా.

ఫాదర్ ఎవరిస్తో కొండప్రాంతం మనిషి. సముద్రమంటే భయం, మాటలంటే పిచ్చి. ఎవరు ఏ మాట అన్నా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేవాడు. అందుకని బెస్తవాళ్లు ఆయన ముందు తక్కువ మాట్లాడేవాళ్లు. 'ఆయన దగ్గర నోరు తెరిస్తే పళ్లు లెక్కపెడతాడు' అని నవ్వుకునేవాళ్లు.

"ఫాదర్, ఆ వెనక బల్ల జోలికి ఎవరూ రాకూడదని మీరు ఒక మాట అనాలి" అన్నాడు లియాంద్రో.

"ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. నన్నే వచ్చి కోతలు పెట్టమంటారు."

"ఎవరు?"

"ఎవరూ అనలేదు. అంటారు."

ఫాదర్ చేపల బుట్ట తీసి కిటికీ అరుగు మీద పెట్టి, కుర్చీ చూపించాడు. లియాంద్రో కూర్చోలేదు. నిలబడే సంగతంతా చెప్పాడు. చెప్పడం రాదు కాబట్టి ముందున్నది వెనకా వెనకున్నది ముందూ చెప్పాడు. ఫాదర్ ఓపిగ్గా సర్దుకున్నాడు.

"మీ తమ్ముడికి సముద్రం ఎవరు నేర్పారు?"

"నేనే. నాన్న అప్పటికే పడవ దిగేశాడు. వాడికి తెడ్డు పట్టించింది నేను, తెరచాప మడత పెట్టించింది నేను."

"నేర్పావు" అన్నాడు ఫాదర్. ఆయన కళ్లలో వెలుగొచ్చింది. లియాంద్రోకి ఆ వెలుగు తెలుసు, ఇక తప్పించుకోలేడు. "ఎన్సినార్. మన భాషలో రోజూ అంటాం. ఆ మాట అసలేంటో తెలుసా నీకు?"

"నేర్పడం."

"అది ఇప్పుడు. మొదట్లో?"

"మొదట్లోనూ అదే అయ్యుంటుంది."

"కాదు. మొదట్లో అది ఇన్సిన్యారె. లాటిన్. సిన్యుం అంటే గుర్తు. ఇన్ అంటే లోపలికి. లోపలికి దిగేట్టు గుర్తు పెట్టడం. ఆ మాటకి పుట్టుకలో ఉన్న అర్థం అది. బడిలో పంతులు చేసే పనికి రోమ్ వాళ్లకి వేరే మాట ఉండేది, దొచేరె అని. పుస్తకాలవాళ్లు అదే వాడుకున్నారు. మన పొలాల్లోనూ రేవుల్లోనూ ఉన్న జనం దాన్ని వదిలేసి, గుర్తు పెట్టడాన్నే నేర్పడానికి వాడారు. వాడి వాడి మాట అరిగింది. ఇన్సిన్యారె కాస్తా ఎన్సినార్ అయింది. అరిగినా లోపల ఉన్నది అదే, గుర్తు."

"ఎందుకు వదిలేశారు ఆ మంచి మాట?"

"ఎవరికి తెలుసు? చేత్తో పని చేసేవాళ్లకి చేత్తో చేసే మాట కావాల్సొచ్చిందేమో. అది నా ఊహ. మిగతాది ఊహ కాదు."

లియాంద్రో టోపీ చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పాడు.

"ఇది నిజమేనా? ప్రసంగంలో చెప్పే నిజమా, మామూలు నిజమా?"

ఫాదర్ నవ్వాడు. "మామూలు నిజమే."

"మళ్లీ ఒకసారి చెప్పండి."

ఫాదర్ మళ్లీ చెప్పాడు. లియాంద్రో పెదాలు కదిపి, ముడి వేసుకున్నట్టు, ఒక్కో ముక్కా నోట్లో వేసుకున్నాడు. గుమ్మం దాటుతుంటే ఫాదర్ వెనకనుంచి అడిగాడు.

"మరి బల్ల సంగతి?"

"అక్కర్లేదు."

ఆ వారమంతా లియాంద్రో ఆ మాటని సముద్రం మీదికి తీసుకెళ్లాడు. వల దించి ఎదురుచూసే వేళ అందరూ రొట్టె తింటుంటే ఆయన ఆ మాటే నమిలాడు. లోపలికి దిగేట్టు గుర్తు పెట్టడం. తమ్ముడి వంక చూశాడు. జెఫెరీనో తాడు చుడుతున్నాడు. ఎడమచేతి మణికట్టు లోపలికి తిప్పి చుడుతున్నాడు. అది లియాంద్రో చుట్టే పద్ధతి. పడవలో ఇంకెవరూ అలా చుట్టరు.

"కొండ మీది తెల్లగుడి ఎక్కడుంది?" అని అడిగాడు.

జెఫెరీనో కళ్లు చికిలించి ఒడ్డు వైపు చూశాడు. "చర్చి గోపురానికి కుడిపక్కన."

"ఎంత పక్కన?"

"వేలు మందం."

"అది గోపురం వెనక్కి దాక్కునేదాకా పడవ పోనీ. దాక్కున్నాక వల దించు. అంతదాకా కింద రాయుంది, రాయి దాటితే చేప ఉంటుంది."

"దాక్కోకముందే దించితే?"

"వల చిరుగుతుంది. వదిన నిన్ను చీరుతుంది."

"అక్కడ రాయుందని నీకెవరు చెప్పారు?"

"జుస్తీనో మామ అలాగే చెప్పేవాడు" అన్నాడు లియాంద్రో, వేరే ఆలోచనలో ఉండి.

ఆలోచన ఏమిటంటే, దారి దొరికిందని. నేర్పడమంటే గుర్తు పెట్టడమైతే, జెఫెరీనో మీద గుర్తు పెట్టింది తను. తండ్రి కాదు. అలాంటప్పుడు వాడు పెట్టుకోవాల్సింది అన్న గుర్తు, పక్కన ఒక కోత. తన కడుపున పుట్టిన పెద్దకొడుకైతే అలాగే పెట్టుకునేవాడు. ఒట్టి కోడికాలు తన దగ్గరే ఉంటుంది. వాడికీ తక్కువ కాదు, తనకీ పోదు. లాటిన్ అంటే చచ్చినవాళ్ల మీద చల్లేదనుకున్నాడు ఇన్నాళ్లూ. బతికున్నవాళ్లకి కూడా పనికొస్తుందన్నమాట.

ఇంటికొచ్చి డెల్ఫీనాకి చెప్పాడు. ఆమె క్యాబేజీ తరుగుతూ విన్నది.

"ఈ మాట నీకు ఫాదరే చెప్పాడా?"

"మాట ఆయన చెప్పాడు. మిగతాది నేనే ఆలోచించా."

"అదే అనుకున్నా. మాట శుభ్రంగా ఉంది" అంది డెల్ఫీనా. "ఒకటి చెప్పు. గుర్తు పోతుందని భయమా, ఇల్లు పోతుందని భయమా?"

"రెండూ ఒకటే."

"నాకు ఒకటి కాదు. ఇల్లు ఊడ్చేది నేను. గుర్తునెవరూ ఊడవక్కర్లేదు."

"నువ్వు నా పక్షమా, వాడి పక్షమా?"

"నేను వల పక్షం. బెండ్లు ఖాళీగా ఉన్నాయి, ఆదివారంలోపు ఏదో ఒకటి కోయించు."

ఆదివారం పూజ అయ్యాక పెద్దమనుషులు ఒడ్డున కూర్చున్నారు. ఇసుక మీదికి లాగిపెట్టిన పెద్ద పడవ నీడ వాళ్ల కచేరీ. వాటాల తగాదాలైనా, వలల తగాదాలైనా అక్కడే తెగేవి. పడవసరంగు బర్నబే అందరిలోకీ పెద్ద. ఆయన మాట ఆఖరిమాట. పక్కనే ఆడవాళ్లు చిరిగిన వలలు బాగుచేసుకుంటున్నారు. చేపలమ్మే ఫిలొమేనా వాళ్లలో కూర్చుంది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. ఆవిణ్ణి ఎప్పుడూ ఎవరూ పిలవరు.

సెరఫీం జెఫెరీనో భుజం పట్టుకుని మెల్లగా వచ్చాడు. తిరగేసిన బుట్ట మీద కూర్చోబెట్టారు. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఇసుక వైపు చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పరా" అన్నాడు బర్నబే.

లియాంద్రో చెప్పాడు. ఈసారి ముందున్నది ముందూ వెనకున్నది వెనకా చెప్పాడు, వారంరోజులు నమిలాడు కనక. ఎన్సినార్ అన్నాడు, ఇన్సిన్యారె అన్నాడు, సిన్యుం అన్నాడు. నేర్పినవాడే గుర్తు పెట్టినవాడు, కాబట్టి తమ్ముడిది తన గుర్తూ పక్కన ఒక కోతా అన్నాడు. అక్కడున్నవాళ్లు లియాంద్రో నోటినుంచి అన్ని మాటలు ఒకేసారి వినడం అదే మొదలు.

ఫిలొమేనా సూది ఆపింది.

"ఒరే లియాంద్రో, నేర్పినవాళ్ల గుర్తే పెట్టుకోవాలంటే నేను మా అత్త గుర్తు పెట్టుకోవాలి. తిట్టడం నాకు నేర్పింది ఆవిడే."

"ఎక్కడ పెట్టుకుంటావు అత్తా?" అన్నాడు ఎవడో కుర్రసరంగు.

"నాలిక మీద. ఇంకెక్కడ పెడతారు?"

నవ్వులు అయ్యాయి. బర్నబే నవ్వలేదు. ఆయన గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తున్నాడు. లియాంద్రోకి అది మంచి శకునంగా తోచింది.

"ఫాదర్ అబద్ధం చెప్పడు" అన్నాడు బర్నబే. "ఆ మాట అలాగే పుట్టుంటుంది. నాకైతే సబబుగానే ఉంది. నాకు చుక్కాని నేర్పినవాడు పోయి ఎన్నో ఏళ్లయింది, ఇప్పటికీ గాలి తిరిగితే వాడి మాటే చెవిలో వినపడుతుంది. గుర్తు కాకపోతే ఏంటది?" ఆయన మిగతావాళ్ల వైపు చూశాడు. ఒకరిద్దరు తలలూపారు. "ఏమంటావు సెరఫీం? నీ కొడుకు చెప్పినదాంట్లో పస ఉంది."

సెరఫీం తల ఎత్తలేదు. వినపడలేదేమో అనుకుని బర్నబే మళ్లీ అడగబోతుండగా మాట్లాడాడు.

"నీకెవరు నేర్పార్రా?"

"ఏంటి నాన్నా?"

"సముద్రం. నీకెవరు నేర్పారు?"

లియాంద్రో చూపు తమ్ముడి వైపు పోయింది.

"నేను బ్రెజిల్లో ఉన్నా" అన్నాడు సెరఫీం, అందరితోనూ చెప్తున్నట్టు. "నేను వెళ్లేప్పటికి వీడు పాలు తాగుతున్నాడు. వచ్చేప్పటికి వీడికి మీసం వచ్చింది. రేవులో దిగి, ఈ కుర్రాడెవరని అడిగా. అప్పటికే వీడు పడవ మీద ఉన్నాడు. వీడికి తెడ్డు పట్టించింది మా బావమరిది జుస్తీనో. కొండ గుర్తులు చెప్పింది జుస్తీనో. తాడు చుట్టడం కూడా వాడిదే, ఆ ఎడమచేతి వాటం."

అవునని ఒడ్డున ఉన్నవాళ్లందరికీ తెలుసు. లియాంద్రోకీ తెలుసు. తెలిసిన సంగతే ఇటు తిరిగి ఎదురుగా నిలబడుతుందని అనుకోలేదు.

"జుస్తీనో గుర్తేంటి?" అని అడిగాడు బర్నబే మెల్లగా.

"సగం బాణం" అంది ఫిలొమేనా. ఆవిడ గొంతులో ఈసారి వేళాకోళం లేదు.

"సగం బాణం" అన్నాడు సెరఫీం. "ఫాదర్ మాట ప్రకారం వీడు సగం బాణం. కోడికాలు వీడిదెలా అయింది? నేను నేర్పి ఇచ్చానా? నేర్పలేదు. నా కొడుకు కాబట్టి ఇచ్చా. ఇదిగో, వీడికీ నేను నేర్పలేదు. నా చేతులు అప్పటికే అయిపోయాయి." జెఫెరీనో వైపు చేయి కాస్త ఎత్తి మళ్లీ మోకాలి మీద పెట్టుకున్నాడు. "నలుగురు కొడుకుల్లో ఒక్కడికీ నేను సముద్రం నేర్పలేదు. ఒకడు మునిగాడు. ఒకడు నేను పోయిన దారినే పోయాడు. నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఆ గుర్తొక్కటే. దాన్ని వరసలో ఇస్తా. వరస కూడా తప్పితే ఇంక నేను తండ్రినెందుకవుతాను?"

ఆయన ఎప్పుడైనా అంత మాట్లాడగా ఎవరూ వినలేదు.

జెఫెరీనో చెవులు ఎర్రబడ్డాయి. "నాకు ఒక కోత ఉన్నా పర్లేదు" అన్నాడు. "అన్న గుర్తుకి ఒక కోత పెట్టుకుంటా. నాకు ఏదైనా ఒకటే."

"నీకు పర్లేదేంట్రా" అన్నాడు బర్నబే. "ఉప్పు తగ్గినా పర్లేదనడానికి ఇదేం పులుసా? కూర్చో."

జెఫెరీనో కూర్చోలేదు. అన్న వైపు చూశాడు.

లియాంద్రో ఇసుక మీద ఉన్న తమ్ముడి వల చూశాడు. బెండ్లు ఖాళీగా, బోసిగా ఉన్నాయి. అందరూ తన నోటివైపు చూస్తున్నారు. ఫాదర్ చెప్పిన మాట తప్పయి ఉంటే తేలిగ్గా ఉండేది, ఆయన మీద విసుక్కోవచ్చు. మాట సరైందే. దాన్ని ఒప్పుకుంటే ముందు తన గుర్తే తనది కాదు. ఒప్పుకోకపోతే వరస మిగులుతుంది. వరసలో తమ్ముడు ఆఖరివాడు. ఎటు తిరిగినా ఒట్టి కోడికాలు తన చేతిలో నిలవట్లేదు. ఒకటి మాత్రం తేడా ఉంది. వరస ప్రకారమైతే మూడు కోతలతో తను తండ్రి కొడుకుగా ఉంటాడు.

"ఒట్టిదే కోసుకో" అన్నాడు తమ్ముడితో.

"నువ్వేనా అంటున్నది?" అని అడిగాడు బర్నబే. "నేను తీర్పు చెప్పలేదు ఇంకా."

"నేనే. మీరు చెప్పక్కర్లేదు."

డెల్ఫీనా ఆడవాళ్లలోంచి లేచి వచ్చింది. శాలువా నడుముకి చుట్టుకుంది. పెద్దమనుషుల్లో ఇద్దరు కాస్త వెనక్కి జరిగారు.

"గుర్తు సంగతి తేలింది, బానే ఉంది. మరి ఇల్లో?"

"గుర్తుతోపాటే ఇల్లు" అన్నాడు సెరఫీం. "మొదట్నుంచీ అంతే."

"అయితే రాత్రిపూట మీకు కాళ్లు పట్టేదీ, పొద్దున్నే చారు కాచి ఇచ్చేదీ కూడా ఆ గుర్తునే చేయమనండి మామయ్యా. చక్కగా మూడు వేళ్లున్నాయి దానికి."

ఫిలొమేనా పకపకా నవ్వింది. సెరఫీం కూడా ఇసుకవైపు చూస్తూ మీసం కింద నవ్వాడు.

"వాడికి పెళ్లయ్యేదాకా ఇల్లు కదలదు" అన్నాడు బర్నబే తొందరగా. "ఎవరున్నచోట వాళ్లుండండి. పెళ్లయ్యాక చూసుకోండి."

"పెళ్లి నేనేగా చూడాల్సింది" అంది డెల్ఫీనా. "నాకేం తొందర్లేదు."

జెఫెరీనో చెవులు ఇంకా ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రమే కోయడం మొదలైంది. జెఫెరీనో తన బెండ్ల మీద ఒట్టి కోడికాలు కోశాడు. లియాంద్రో తన పాత బెండ్లన్నీ ముందేసుకుని ఒక్కోదానికీ మూడు కోతలు కోశాడు. బెండ్లు అయ్యాక తెడ్లు, తెడ్లయ్యాక కత్తిపిడి, నీళ్ల పీపా, ఎర పెట్టె. చొక్కా మీది గుర్తుకి డెల్ఫీనా ఎర్రదారంతో మూడు కుట్లు వేసింది. రెండో బెండు దగ్గర జెఫెరీనో కత్తి జారి ఒక వేలు ఎక్కువ పొడుగైంది.

"కత్తి నిలబెట్టి కోస్తే అలాగే అవుతుంది. పడుకోబెట్టు" అన్నాడు లియాంద్రో, తలెత్తకుండానే.

"ఈ బెండు పారేయనా?"

"ఎందుకు? కోళ్లన్నీ ఒకలాగే ఉంటాయా?"

మిగిలింది బల్ల. దానికి మాత్రం లియాంద్రో కొన్నాళ్లు వెళ్లలేదు. గాలి బాగోలేదన్నాడు. నడుం పట్టిందన్నాడు. చివరికొక రోజు సముద్రం నిజంగానే బాగోక పడవలు దిగనప్పుడు, ఎవరికీ చెప్పకుండా వెళ్లాడు. ఫాదర్ ఎవరిస్తో వెనక గది తలుపు తీసి, బల్ల మీది కొవ్వొత్తులూ గుడ్డలూ పక్కకి తీశాడు. ఆ బల్లనిండా గుర్తులే. తాతలవీ, ముత్తాతలవీ. కొన్ని అరిగి నల్లబడి వేలితో తడిమితే గానీ తెలియవు. లియాంద్రోది ఇంకా స్పష్టంగానే ఉంది.

మూడు కోతలు కోయడానికి ఎంతోసేపు పట్టలేదు. పాత గుర్తు నల్లగా, పక్కన కొత్త కోతలు తెల్లగా కనిపించాయి. లియాంద్రో పొట్టు ఊది, అరచేత్తో తుడిచాడు.

"నేను చెప్పిన మాట నీకేం పనికిరాలేదని విన్నాను" అన్నాడు ఫాదర్. ఆయన మొహంలో కాస్త నొచ్చుకున్నట్టు ఉంది.

"పనికొచ్చింది."

"ఎలా?"

లియాంద్రో కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. బల్లకి ఆ చివర, కిటికీ పక్కన, చిన్న సగం బాణం ఉంది. ఆ గుర్తు పెట్టుకున్నాయనకి పిల్లలు లేరు. ఆయన తర్వాత దాన్ని ఎవరూ ఎక్కడా కోయలేదు. లియాంద్రో దాని మీద చేయి వేశాడు.

"మా మామ జుస్తీనో పేరున ఒక పూజ పెట్టాలి" అన్నాడు. "చచ్చిపోయి చాలా కాలమైంది. ఇంతవరకూ ఎవరూ పెట్టించలేదు."

"మీకు దగ్గరి చుట్టమా?"

"అమ్మకి తమ్ముడు. నాకు సముద్రం నేర్పాడు."

ఫాదర్ ఎవరిస్తో ఆ మాట గురించి ఇంకొంచెం చెప్పాలనుకున్నట్టు నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, తలూపి ఊరుకున్నాడు.

గాలి తగ్గాక పడవలు దిగాయి. అన్నదమ్ముల వలలు ఒకదాని పక్కన ఒకటి నీళ్లలోకి వెళ్లాయి. తెల్లవారుతుండగా పడవ తిరిగొచ్చింది. ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి వలలు అందుకున్నారు. ఇంకా వెలుగు రాలేదు కాబట్టి ఎవరి వల ఏదో బొటనవేలితో బెండు తడిమి తెలుసుకోవాలి. డెల్ఫీనా చేయి అలవాటు ప్రకారం కోతలేని బెండు దగ్గర ఆగింది. వలని లాగి భుజాన వేసుకుంది.

"వదినా, అది నాది" అన్నాడు జెఫెరీనో పడవలోంచి.

"తెలుసు" అంది డెల్ఫీనా.

రెండో చేత్తో మూడు కోతలదాన్ని వెతికి, దాన్నీ లాగి రెండో భుజాన వేసుకుని, ఆ తడి బరువుతో ఒడ్డెక్కి ఇంటివైపు నడిచింది.